సింగవరప్పాడులో సలహా తప్పనిసరి

గ్రంధి చలమయ్య గారి ఆఫీసుకి ఎవరు ఏ పని మీద వెళ్లినా, తిరిగి వచ్చేటప్పుడు ఆ పని చేయాలో మానాలో వాళ్లకి తెలిసేది కాదు. అయినా తృప్తిగా వచ్చేవారు. అదీ ఆయన గొప్పతనం. గోడకి 'న్యాయ, వ్యాపార, పన్నుల సలహాదారు' అని బోర్డు. బోర్డు కింద ఆయన. ఎదురుగా తల పట్టుకున్న క్లయింటు. సింగవరప్పాడు మున్సిపాలిటీలో కొబ్బరికాయల కొట్టు పెట్టినవాడి దగ్గర్నుంచి రైసుమిల్లు అమ్ముకున్నవాడి దాకా ఆ ఎదుటి కుర్చీలో కూర్చోనివాడు లేడు.

"మా బావగారితో కలిసి ఐసు ఫ్యాక్టరీ పెట్టమంటారా?" అని ఎవరైనా అడిగితే చలమయ్య కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుని, "పెట్టొచ్చు" అనేవాడు. క్లయింటు సంబరంగా లేవబోతుంటే "అయితే" అనేవాడు. ఆ 'అయితే' వెనకాల భాగస్వామ్య చట్టం, కరెంటు కోతలు, వర్షాకాలం, బావగారి స్వభావం అన్నీ వరసగా దిగేవి. ఫ్యాక్టరీ నడిస్తే "పెట్టొచ్చని ఆనాడే చెప్పానుగా" అనేవాడు. మూతపడితే "అయితే అన్నానా లేదా?" అనేవాడు. అందుచేత ఆయన ప్రాక్టీసు మొదలుపెట్టినప్పటి నుంచి ఒక్క సలహా కూడా తప్పలేదు.

అలాంటి మనిషి బతుకు ఒక బస్ షెల్టరు వల్ల అస్తవ్యస్తమైంది.

కాలవగట్టు రోడ్డు మీద మున్సిపాలిటీ వారు కొత్తగా షెల్టరు కట్టారు. మొహం కాలవ వైపు, వీపు రోడ్డు వైపు పెట్టి కట్టారు. ప్రయాణికులు నీడలో హాయిగా కూర్చుని కాలవలో బాతుల్ని చూస్తుంటే, వెనక నుంచి బస్సులు వెళ్లిపోయేవి. ఒక రిటైర్డు మాస్టారు ఒళ్లు మండి కోర్టుకెక్కారు. జడ్జిగారు షెల్టరు ఫొటోని అటు తిప్పి ఇటు తిప్పి చూశారు.

"ఇది కట్టే ముందు ఎవరినైనా సలహా అడిగారా?" అన్నారు.

"లేదండి" అన్నాడు మున్సిపాలిటీ వకీలు.

"ఈసారి ఏం చేసినా ఎవరినైనా సలహా అడిగి చేయండి" అని జడ్జిగారు విసుక్కున్నారు.

విసుగుని విసుగుగా తీసుకునే అలవాటు మున్సిపాలిటీకి లేదు. చైర్మన్ బొండాడ పుల్లేశ్వరరావు దాన్ని కోర్టు ఉత్తర్వుగా తీసుకున్నాడు. కోర్టు మున్సిపాలిటీకి చెప్పింది కాబట్టి, మున్సిపాలిటీ ఊరందరికీ చెప్పాలని కౌన్సిల్ తీర్మానించింది. కమిషనర్ ద్వారకానాథం దానికి తగిన భాష సమకూర్చాడు.

"ఇందుమూలముగా యావన్మంది పురప్రజలకు తెలియజేయునది ఏమనగా, ఈ పురపాలక సంఘ పరిధిలో ఏ వ్యక్తియైనను, ఏ వ్యాపార కార్యమునైనను, గుర్తింపు పొందిన సలహాదారుని లిఖితపూర్వక సలహా లేనిదే ప్రారంభించుట గాని, కొనసాగించుట గాని నిషేధము. పొందిన సలహాను అక్షరాలా పాటింపవలెను."

మైకు కట్టిన ఆటో ఈ ముక్కని వీధి వీధికీ వినిపించింది. షెల్టరు మాత్రం బాతుల వైపే చూస్తూ ఉండిపోయింది. దాన్ని ఎటు తిప్పాలో సలహా ఇంకా రాలేదు.

చలమయ్య పొంగిపోయాడు. మర్నాడు పొద్దున్న ఆఫీసు తలుపు తీసేసరికి జనం వీధి మలుపు దాకా ఉన్నారు. పాలవాళ్లు, పూలవాళ్లు, బట్టలకొట్ల వాళ్లు, బ్యాండుమేళం వాళ్లు. ఎదురుగా మద్దుల నూకరాజు ఆఫీసు దగ్గరా అంతే. నూకరాజూ సలహాదారే. మామూలు రోజుల్లో ఒకరి మొహం ఒకరు చూసుకోని ఆ ఇద్దరూ, ఆ పూట వీధికి అటూ ఇటూ నిలబడి ఒకరినొకరు చూసి నవ్వుకున్నారు.

ఆ నవ్వు ఆ సాయంత్రం దాకా కూడా నిలవలేదు. కమిషనర్ సలహాదారులందరినీ మున్సిపల్ హాలుకి పిలిపించాడు.

"సలహాదారులారా, మీరు ఈ పురప్రగతి రథమునకు కళ్లెము వంటివారు" అని మొదలుపెట్టి, రథం ఇరుసు, చక్రాలు, గుర్రాలు అన్నీ పూర్తయ్యాక అసలు విషయానికి వచ్చాడు. "కావున సలహా యనునది ఒక్క మాటలో ఉండవలెను. చేయవచ్చు, లేదా చేయరాదు. మధ్యలో మరొక మాటకు పురపాలక సంఘము వద్ద స్థలము లేదు."

చలమయ్య ఉండబట్టలేకపోయాడు. లేచి నిలబడి, "అయితే అండి" అన్నాడు.

"ఆ పదమునే నిషేధించుచున్నాము" అన్నాడు కమిషనర్.

"మరి సలహా వికటిస్తేనండి?" అని వెనక నుంచి నూకరాజు అడిగాడు.

"సలహాదారుడే బాధ్యుడు. సంశయములున్నచో లిఖితపూర్వకముగా సమర్పింపుడు. వాటిపై సలహా తీసుకొనెదము."

ఊళ్లో మొట్టమొదటి 'చేయవచ్చు' నూకరాజే రాశాడు. బజ్జీల బండి పోసియ్యకి కొత్తగా టమాటా బజ్జీ వేసుకోవచ్చని. ఆ సాయంత్రమే ఎవరో పెద్దమనిషి ఆత్రంగా బజ్జీ కొరికి నాలుక కాల్చుకున్నాడు. నూకరాజుకి నోటీసు వచ్చింది. 'తమరి సలహా మేరకు తయారైన బజ్జీ యందు వేడి ఉన్నట్లు ప్రాథమిక విచారణలో తేలినది. ఇందుకు తమ సంజాయిషీ ఏమి?' పాపం నూకరాజు వారమంతా మున్సిపల్ ఆఫీసు వరండాలో బెంచీ మీద కూర్చుని, బజ్జీకి వేడి ఎలా వస్తుందో రాస్తూ ఉండిపోయాడు.

ఇక ఆ తర్వాత ఊళ్లో ఏ సలహాదారుడూ 'చేయవచ్చు' అని రాయలేదు. వద్దని చెప్పినందుకు ఇంతవరకూ ఎవరికీ నోటీసు రాలేదు కదా. చలమయ్యయితే 'చేయరాదు' అని రబ్బరు స్టాంపు చేయించుకున్నాడు. ముద్ర బాగా పడుతుందని ఆయనకి దాని మీద ముచ్చట కూడా కలిగింది.

మంగలి షాపు ఈశ్వర్రావు వచ్చి, "గెడ్డాలు గీసుకోవచ్చాండి?" అని అడిగాడు. కత్తి ఉన్న వ్యవహారం. ముద్ర పడింది. బట్టలకొట్టు ఆయన కొత్త బేలు విప్పొచ్చా అన్నాడు. లోపల చీర రంగు వెలిస్తే? ముద్ర పడింది. బ్యాండుమేళం వాళ్లు పెళ్లి ఒప్పుకోవచ్చా అని అడిగారు. పెళ్లికి బాధ్యత తీసుకునేంత వెర్రివాడు కాదు చలమయ్య. ఆ బుధవారం పెళ్లివారు వధూవరుల్ని మేళం లేకుండా ఊరేగిస్తుంటే, మేళం వాళ్లు వాద్యాలు చంకన పెట్టుకుని పక్కనే నడిచారు. నడవడం వ్యాపారం కాదని.

అంతలో కమిషనర్‌కి ఇంకో సంగతి తట్టింది. సలహా ఇవ్వడం కూడా వ్యాపారమే. కాబట్టి దానికీ సలహా కావాలి. చలమయ్య వీధి దాటి నూకరాజు దగ్గరికి వెళ్లి, "నేను సలహాలు ఇవ్వొచ్చా?" అని అడిగాడు. ఎన్నాళ్ల నుంచో ఎదురుచూస్తున్నవాడిలా నూకరాజు 'చేయరాదు' అని రాసిచ్చాడు. చలమయ్య కూడా మర్యాద తప్పకుండా నూకరాజుకి అదే రాసిచ్చాడు. మిగతా సలహాదారులూ ఒకరికొకరు అదే రాసుకున్నారు. రెండు రోజులు ఊళ్లో వద్దనడానికి కూడా మనిషి లేకుండా పోయాడు. చివరికి చైర్మన్ కలగజేసుకుని, సలహాదారులకి మాత్రం మినహాయింపు ఇప్పించాడు.

ఇదంతా ఊరి సంగతి. అసలు తుఫాను చలమయ్య ఇంట్లో పట్టింది.

ఆయన భార్య కనకరత్నం వంటకి ఆ పేటలో పేరుంది. కంద బచ్చలి వండితే, తిన్నవాళ్లు చెయ్యి కడుక్కోవడానికి మనసొప్పక అలా కూర్చునే ఉంటారు. కూతురు దుర్గ కాకినాడలో చదువుకుంటోంది, ఇంట్లో కనకరత్నానికి తోచడం లేదు, అందుకని మార్కెట్ రోడ్డులో ఒక గది చూసుకుని కర్రీ పాయింట్ పెట్టుకోవాలని ఆమె కోరిక. ఎప్పటిదో కోరిక. పెద్ద గిన్నెలు కొంది. గది ఓనరు గురువారం లోపు తెరవకపోతే సెల్‌ఫోన్ల కొట్టుకి ఇచ్చేస్తానన్నాడు.

"భర్త భార్యకి సలహా రాయొచ్చాండి?" అని చలమయ్య కమిషనర్‌ని ముందుగానే అడిగాడు, కాదంటాడేమోనన్న ఆశతో.

"భార్యకు సలహా ఇచ్చు అధికారము భర్తకు లేదని చట్టమున ఎక్కడా లేదు. అనుభవమున మాత్రమే ఉన్నది" అన్నాడు కమిషనర్.

సోమవారం పొద్దున్న కనకరత్నం కాగితం తెచ్చి ఆయన ముందు పెట్టింది. "కర్రీ పాయింట్ పెట్టుకోవచ్చా అని రాశానండి. మీరు ఒక్క మాట రాసిచ్చేస్తే మధ్యాహ్నం వెళ్లి గది కడిగించుకుంటాను."

చలమయ్య కలం తీశాడు. 'చే' అని రాశాడు. 'య' కూడా రాశాడు. అక్కడ ఆయనకి కంద గుర్తొచ్చింది. కంద సరిగ్గా ఉడక్కపోతే గొంతు దురద పెడుతుంది. ఊళ్లో సగం మంది గొంతు గోక్కుంటూ మున్సిపల్ వరండాలో బారులు తీరినట్టు, తను బెంచీ మీద కూర్చుని కందకి దురద ఎలా వస్తుందో రాస్తున్నట్టు కళ్లకి కట్టింది. చెయ్యి దానంతట అదే స్టాంపు అందుకుంది.

కనకరత్నం ఆ ముద్ర వైపు చూసింది. ఆ మధ్యాహ్నం ఆయనకి అన్నం పెట్టి, చారు గిన్నె దూరంగా ఉంచి లోపలికి వెళ్లిపోయింది. తిట్టినా బాగుండేదని చలమయ్య అనుకున్నాడు. చారు లేకుండానే భోజనం ముగించి, సిగ్గుపడుతూ ఆఫీసుకి పోయాడు.

మర్నాడు ఆమె ఆఫీసుకే వచ్చింది. లైనులో నిలబడి, తన వంతు వచ్చాక ఎదుటి కుర్చీలో కూర్చుంది.

"ఇంకేం కావాలి రత్నం?" అన్నాడు బెరుగ్గా.

"ఈ కర్రీ పాయింట్ ఆలోచన మానేద్దామనుకుంటున్నానండి. గది ఆయనకి మాటిచ్చాను, గిన్నెలు కొన్నాను, పేటలో అందరికీ చెప్పాను. ఇప్పుడు మానుకోవచ్చంటారా?"

చలమయ్య వృత్తిధర్మంగా ఆలోచించాడు. మాటిచ్చి తప్పితే గది ఓనరు ఊరుకోడు. గిన్నెల కొట్టువాడు వెనక్కి తీసుకోడు. పేటలో పరువు పోతుంది. పైగా ఈవిడ జీవితాంతం చారు దూరంగా పెడుతుంది. ఎటు చూసినా ప్రమాదమే. స్టాంపు తీసి బలంగా వేశాడు.

చేయరాదు.

"చాలా థాంక్సండి" అని కాగితం మడిచి, కనకరత్నం తిన్నగా మున్సిపల్ ఆఫీసుకి వెళ్లింది.

కమిషనర్ కాగితాన్ని పైకీ కిందికీ చదివాడు. "విరమించుట చేయరాదు. సలహాను అక్షరాలా పాటింపవలెను. కావున అమ్మా, కూరల విక్రయశాల నడుపుట ఇకపై మీ ఇష్టము కాదు, మీ విధి" అని తేల్చాడు. గురువారం ఆమె ఎక్కడ మానేస్తుందోనని, పొద్దున్నే కర్రీ పాయింట్ దగ్గరికి ఒక మున్సిపల్ ఉద్యోగిని కూడా పంపాడు. అతను కంద బచ్చలి రెండు ప్యాకెట్లు కట్టించుకుని, అంతా నిబంధన ప్రకారమే జరుగుతోందని రిపోర్టు ఇచ్చాడు.

ఆ సాయంత్రం చలమయ్య పెరట్లో గిన్నెలు తోముతున్న భార్య దగ్గర పీట వేసుకుని కూర్చున్నాడు.

"ఈ ఎత్తు నీకెప్పుడు తట్టింది రత్నం?"

"పెళ్లయిన కొత్తల్లోనే తట్టిందండి."

"అప్పుడు ఈ నిబంధన లేదుగా."

"మీరున్నారుగా" అంది ఆమె గిన్నె తిరగేస్తూ. "ఈ ఇల్లు కొనేటప్పుడు ఏమడిగాను? ఎప్పటికీ అద్దె కొంపలోనే ఉండిపోదామా అన్నాను. వద్దన్నారు. దుర్గని ఇంటర్‌తో మాన్పించేద్దామా అన్నాను. వద్దన్నారు. మా చెల్లెలి పెళ్లికి వెళ్లకుండా ఉందామా అన్నాను. తప్పు, వద్దన్నారు. మీ మాట నేనేనాడూ జవదాటలేదండి."

తన సంసారమంతా తన వద్దుల మీదే నిలబడిందని చలమయ్యకి అప్పుడే తెలిసింది. కోపం రావాలి కదా అని కాసేపు చూశాడు. రాలేదు. పైగా ఇల్లు చూస్తే బాగానే ఉందనిపించింది.

సంగతి ఊళ్లో పొక్కడానికి ఒక పూట పట్టింది. శుక్రవారం మంగలి ఈశ్వర్రావు మళ్లీ వచ్చాడు. "గెడ్డాలు గీయడం మానేయొచ్చాండి?" ముద్ర. బట్టలకొట్టాయన, "బేలు విప్పకుండా వదిలేయొచ్చాండి?" ముద్ర. సలహాదారులకి సంగతి తెలుసు, అయినా చెయ్యి ఆగదు. మళ్లీ వద్దనే కదా అంటున్నాం, వద్దంటే నోటీసు రాదు కదా అని ధైర్యం. రెండు రోజుల్లో ఊరంతా తెరుచుకుంది. తెరుచుకోవడమే కాదు, ఇక మూసే వీల్లేకుండా తెరుచుకుంది. బ్యాండుమేళం వాళ్లు 'వాయించడం ఆపవచ్చునా' అని అడిగిన పాపానికి పొద్దున్నుంచి సాయంత్రం దాకా వాయిస్తూనే ఉన్నారు. సారా వీరన్న అయితే 'తాగుడు మానవచ్చునా' అని నూకరాజు దగ్గర రాయించుకుని, ఆ కాగితానికి ఫ్రేము కట్టించి పెళ్లానికి చూపించాడు. తాగుడు తనకి వ్యాపారం కంటే ఎక్కువని అతని వాదన.

ఆ ఊపులోనే ఎవరో ప్రతిపక్ష కౌన్సిలర్ ఇంకో కాగితం పట్టుకొచ్చాడు. 'బొండాడ పుల్లేశ్వరరావుని చైర్మన్ పదవి నుంచి దించకుండా ఉండవచ్చునా?' నూకరాజు చదవకుండానే 'చేయరాదు' అని రాసిచ్చేశాడు.

చైర్మన్ గగ్గోలు పెట్టాడు. పదవి వ్యాపారం కాదని వాదిద్దామంటే, ఊళ్లో ఆ మాట అనడానికి ఆయనకే నోరు రాలేదు. సోమవారం పొద్దున్నే మైకు ఆటో మళ్లీ తిరిగింది. "తలకిందుల ప్రశ్నలు నేటి నుండి నిషేధము. అట్టి ప్రశ్నలపై పొందిన సలహాలన్నియు చెల్లవు. ప్రశ్నలు నిటారుగా ఉండవలెను."

మధ్యాహ్నం కర్రీ పాయింట్ ముందు జనం కిక్కిరిసి ఉండగా కమిషనర్ స్వయంగా వచ్చాడు. వెనక మనిషి చేతిలో తాళం, లక్క, కొవ్వొత్తి. అప్పుడే కూరల ఘుమఘుమకి ఆఫీసు నుంచి నడిచొచ్చిన చలమయ్య గుమ్మం పక్కన నిలబడిపోయాడు.

"అమ్మా, గరిటె కింద పెట్టుము" అన్నాడు కమిషనర్. "మీ విక్రయశాలకు చెల్లుబాటగు సలహా లేదు."

కనకరత్నం గరిటె కింద పెట్టింది. చేతులు కొంగుకి తుడుచుకుని భర్త వైపు తిరిగింది. జనం తప్పుకున్నారు.

"ఏవండీ" అంది. "ఇన్నేళ్లలో మిమ్మల్ని తిన్నగా అడగడం ఇదే. కర్రీ పాయింట్ నడుపుకోవచ్చా?"

చలమయ్య జేబు తడుముకున్నాడు. జేబులో స్టాంపు ఉంది. చుట్టూ గిన్నెల్లో దొండకాయ వేపుడు, బీరకాయ పప్పు, గుత్తివంకాయ, అన్నిటికీ మధ్య ఆ కంద. దాని వైపు ఆయన భయంగా చూశాడు. తర్వాత భార్య వైపు చూశాడు. పొయ్యి సెగకి ఎర్రబడిన ఆ మొహంలో, నాలుగు రోజుల నుంచి ఆయన చూస్తున్న వెలుగు ఆరిపోవడానికి సిద్ధంగా ఉంది. ఆ వెలుగు ఆయనకి కావాలి. అది ఆయనకి చాలా స్పష్టంగా తెలిసింది. ఇంత స్పష్టంగా ఆయనకి ఏదీ ఎప్పుడూ తెలియలేదు.

కమిషనర్ చేతిలోని నోటీసు లాక్కుని, వెనక్కి తిప్పి, కలం తీసి, గోడకి ఆనించి రాశాడు. 'చేయవచ్చు.' రాశాక ఇంకేదో రాయాలని కలం తహతహలాడింది. దాని మూత పెట్టేశాడు.

"చలమయ్య గారూ, బాధ్యత తమదని ఎరుగుదురు గదా" అన్నాడు కమిషనర్.

"ఎరుగుదును."

"గొంతు దురద, కడుపునొప్పి, పులితేన్పులు, ఉప్పు ఎక్కువ తక్కువలు, సర్వమునకును."

"అన్నిటికీ నేనే. ఉప్పు ఎక్కువైతే నన్నడగండి."

జనంలోంచి మంగలి ఈశ్వర్రావు ముందుకొచ్చాడు. "ఆయ్, మాకూ ఆ ముక్క రాసెయ్యండి బాబూ. కత్తికి నేను జవాబుదారీ, కాయితానికి మీరు." అతని వెనక బట్టలకొట్టాయన, పోసియ్య, పెదాలు వాచిపోయిన సన్నాయి మనిషి, ఒకరి తర్వాత ఒకరు చేరారు. చలమయ్య అదే గోడకి కాగితాలు ఆనించి రాస్తూనే ఉన్నాడు. మొదటిది రాయడమే కష్టం. తర్వాతవి చేతికి అలవాటైపోయాయి. సారా వీరన్నకి కూడా రాసిచ్చాడు. 'తాగుడు మానవచ్చు.' ఆ ఒక్కడే మొహం మాడ్చుకుని వెళ్లాడు.

అందరూ అయ్యాక కమిషనర్ ఇంకా అక్కడే నిలబడి ఉన్నాడు. తాళం మనిషిని దూరంగా పంపి, గొంతు తగ్గించాడు.

"చలమయ్య గారూ, ఈ నిబంధన రద్దు చేయవచ్చునా అని ఊరిలోని సలహాదారులందరినీ అడిగితిమి. అందరూ చేయరాదనిరి. చైర్మన్ గారు భోజనము మానివేసి కూర్చున్నారు. తమరు గాని ఏమైనా..."

చలమయ్య కాగితం అందుకున్నాడు. రద్దయితే తన ఆఫీసు ముందు వీధి మలుపు దాకా ఉన్న జనం మర్నాటికి ఉండరు. పన్ను లెక్కలకి ఒకరిద్దరు వస్తారేమో. అది తెలిసే, 'చేయవచ్చు' అని రాసి ఇచ్చాడు.

కమిషనర్ దాన్ని కళ్లకద్దుకుని జేబులో పెట్టుకున్నాడు. వెళ్లబోతూ ఆగి, "కంద బచ్చలి తినవచ్చునా?" అని అడిగాడు, ఈసారి మామూలు మనిషిలాగే.

"తినండి" అన్నాడు చలమయ్య.

మంగళవారం మైకు ఆటో నిబంధన రద్దయిందని చెప్పుకుంటూ పోయింది. ఆ ఆటో వెళ్లిన దారినే జనమూ పోయారు. చలమయ్య మధ్యాహ్నం దాకా ఆఫీసులో కూర్చుని, ఎవరూ రాకపోయేసరికి తాళం వేసి మార్కెట్ రోడ్డుకి నడిచాడు. కర్రీ పాయింట్లో కూరలు అప్పటికే అయిపోయాయి. కనకరత్నం ఒక్కతే స్టూలు మీద కూర్చుని కొంగుతో విసురుకుంటోంది. ఆయన లోపలికి వెళ్లి, చొక్కా చేతులు మడిచి, సాంబారు గిన్నె ముందేసుకుని తోమడం మొదలుపెట్టాడు.

"ఏమండీ, ఇదేం పని, వదిలెయ్యండి" అంది ఆమె.

"ఉండనీ" అని కాసేపు తోమాడు. తర్వాత తల ఎత్తకుండా, "రత్నం, ముందే ఎప్పుడైనా ఒకసారి తిన్నగా అడిగి చూడాల్సింది నువ్వు. ఇన్నేళ్లూ అలా చుట్టూ తిరిగి అడిగావంటే నాకు కష్టంగా ఉంది" అన్నాడు.

"తిన్నగా అడిగితే ఏమనేవారు?"

చలమయ్య చెయ్యి ఆపి నిజాయితీగా ఆలోచించాడు.

"వద్దనేవాణ్ణి" అన్నాడు.